నీడ గడియారంలో నీడ అంచు మసకగా పడుతోంది, డిజైన్ ఏం మార్చాలి?

నాగావళి ఒడ్డు:
అందరికీ నమస్కారం, మాది శ్రీకాకుళం. మా స్కూల్ గ్రౌండ్‌లో పిల్లల కోసం నీడ గడియారం పెట్టాం. టెక్కలి గ్రానైట్ పలక పాలిష్ పెట్టించి గీతలు కొట్టించాం, మూడు మూలల ఇనప రేకు ఉత్తరం వైపు మా ఊరి అక్షాంశానికి తగ్గట్టు 18.3 డిగ్రీల వాలుతో నిలబెట్టాం, రేకు మందానికి తగ్గట్టు పన్నెండు గంటల గీతని రెండుగా కూడా విడదీశాం. మన ఊరు దేశమంతటికీ టైమ్ లెక్కేసే 82.5 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉంది కాబట్టి వచ్చే ఐదున్నర నిమిషాల తేడా, ఈక్వేషన్ ఆఫ్ టైమ్ (ఎండ టైముకీ గడియారం టైముకీ మధ్య రోజురోజుకీ మారే తేడా), రెండూ లెక్కేశాకే చూస్తన్నాం. అయినా పొద్దున్న పూట నిమిషం దాకా ముందు చూపిస్తాది, మధ్యాహ్నం దాటాక అంతే వెనక. రేకు మొదట్లో నీడ కత్తితో కోసినట్టుంటాది గాని పై కొస నీడ దగ్గరికొచ్చేసరికి అంచు ఎక్కడో తెలీదు, ఇద్దరు పిల్లలు చూస్తే రెండు టైములు చెప్తారు. పలక సైజు డబుల్ చేస్తే బాగవుద్దా? రేకు అంచు పదునుగా అరగదీయించాలా? అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఉన్న ఊళ్ళో పిల్లలకి ఎండ చూసి టైమ్ చెప్పడం రావాలని నా ఆశ, అందుకే ఆ నిమిషాన్ని వదలబుద్ధి కావట్లేదు.

కోట జంక్షన్, విజయనగరం:
మాస్టారూ, రెండూ పనిచెయ్యవండి. సూర్యుడు చుక్క కాదు, మనకి అర డిగ్రీ పైచిలుకు వెడల్పున కనిపిస్తాడు. పలక మీద ఒక చోట నుంచి చూస్తే సూర్యుడు రేకు వెనక పూర్తిగా దాగుంటాడు, కొంచెం పక్కకి జరిగితే సగం, ఇంకా జరిగితే మొత్తం కనపడతాడు, ఆ మధ్యలోదంతా మసకే. రేకు అంచు నుంచి దూరాన్ని 107తో భాగిస్తే దాని వెడల్పు వచ్చేస్తుంది, 60 సెంటీమీటర్లకి 5.6 మిల్లీమీటర్లు. సైజు డబుల్ చేస్తే గీతల మధ్య దూరంతో పాటు మసకా డబులవుతుంది, టైమ్‌లో చూస్తే ఎప్పుడూ రెండు నిమిషాల పైనే. జైపూర్‌లోని పెద్ద నీడ గడియారం సామ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తు, రెండేసి సెకన్లకి గీతలున్నాయి, కానీ నీడ పడే దాని వంపు గోడ వ్యాసార్ధం 15 మీటర్లు కాబట్టి మసక 14 సెంటీమీటర్లు వస్తుంది, ఊరికే చూసి రెండు సెకన్లు చెప్పడం అక్కడా కుదరదు.

మీ పొద్దున్న సాయంత్రం తేడా కూడా దీంతోనే. అసలు టైమ్ మసక మధ్యలో ఉంటుంది, సగం సూర్యుడు కనపడే చోట, కానీ కన్ను నల్లగా ఉన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ నల్ల భాగం పన్నెండు గీత వైపుకి జరిగి ఉంటుంది కదా, అందుకే పొద్దున్న ముందు, తర్వాత వెనక. గీతలనే కొంచెం జరిపి గీసుకునే పద్ధతి ఉంది గానీ నాకు నచ్చదు, ఒక్కో కన్ను ఒక్కో చోట ఆగుతుంది.

బొబ్బిలి వీణ:
రేకు తీసేసి గుండ్రటి కడ్డీ పెట్టండి మాస్టారూ, కడ్డీకి రెండు వైపులా మసక సమానంగా ఉంటాది కాబట్టి నడిమి చూస్తే చాలు, తేడా దానంతటదే కొట్టుకుపోద్ది. మరీ సన్న కడ్డీ వద్దు, 60 సెంటీమీటర్ల దూరంలో 5.6 మిల్లీమీటర్ల కన్నా సన్నదైతే నల్ల గీతే మిగలదు. 8 మిల్లీమీటర్ల కడ్డీకి 2.4 నల్లగా నిలబడుద్ది, కంటికి అదే హాయి.

ఇంకోటి, మన దగ్గర అక్షాంశం తక్కువ కదా, పడుకోబెట్టిన పలక మీద పన్నెండు నుంచి ఒంటిగంటకి గీత ఐదు డిగ్రీలైనా జరగదు, ఐదు నుంచి ఆరుకి మాత్రం నలభై. అందుకే పలక బదులు ఇనప పట్టీని 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అర చక్రంలా వంచి మధ్యలో కడ్డీ పెట్టండి, దూరం రోజంతా ఒకటే, మసకా ఒకటే, గంటకి 15.7 సెంటీమీటర్లు, నిమిషానికి 2.6 మిల్లీమీటర్లు. కడ్డీ వాలు మాత్రం అదే 18.3, ధ్రువ నక్షత్రం వైపు.

టెక్కలి రాయి:
ముందు ఆ పాలిష్ సంగతి చూడండి సార్, నల్లటి మెరిసే రాయి మీద మసక సగమే కనపడుద్ది. మెరుపు లేని తెల్ల పెయింట్ వెయ్యండి. రేకు ఉంచుకోవాలంటే అట్టముక్కకి సూదితో చిన్న బెజ్జం చేసి పలకకి 20 సెంటీమీటర్ల పైన మసకలో పట్టుకోండి, కింద 2 మిల్లీమీటర్ల బుల్లి సూర్యుడు పడతాడు, వాణ్ణి రేకు అంచు సరిగ్గా సగానికి కోసిన చోటే అసలు టైమ్. 13వ శతాబ్దంలో చైనాలో గువో షౌజింగ్ అనే ఖగోళ శాస్త్రవేత్త 40 చైనా అడుగుల (దాదాపు పది మీటర్ల) కంబం నీడ కొలవడానికి బెజ్జం పలకే వాడాడు.

నాగావళి ఒడ్డు:
చాలా థాంక్సండీ అందరికీ. ఈ రోజే అట్టముక్క పెట్టి చూశాం, సగం సూర్యుడు కనపడగానే పిల్లలు పలక దగ్గర నుంచి లేవట్లేదు. పలకకి తెల్ల పెయింట్ వేసి అట్టతో చూసే ప్రయోగానికి ఉంచేస్తాం, టైమ్‌కి మాత్రం అర చక్రం చేయిస్తాం. కడ్డీ ఎంత పొడుగు ఉండాలి?

బొబ్బిలి వీణ:
జూన్, డిసెంబర్‌లో సూర్యుడు 23.4 డిగ్రీలు అటూ ఇటూ పోతాడు కదా, 60కి లెక్కేస్తే 26 సెంటీమీటర్లు. పట్టీకి రెండు వైపులా 30, 30 ఉంచమని వెల్డింగ్ షాపులో చెప్పండి, ఏ నెలలోనూ నీడ పట్టీ దాటిపోదు.