రెండు రోజులు, నలుగురు ఫ్రెండ్స్, ఒక మహానగరం: ప్లాన్ సరిగ్గా ఉందా?

కొత్తబాటసారి:

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్కూల్లో నాతో చదివిన నలుగురు ఇప్పుడు ఒకే మహానగరంలో ఉన్నారు. ఒకే నగరం అన్నమాటే గానీ తలో దిక్కున ఉన్నారు. ఒకడు ఉత్తరం వైపు కాలేజీ హాస్టల్లో, ఇద్దరు దక్షిణం చివర అద్దె గదిలో, ఒకమ్మాయి నగరం మధ్యలో వాళ్ళ పిన్నిగారింట్లో. రెండేళ్ళుగా "రా రా" అంటున్నారు, ఈసారి నిజంగానే వెళ్తున్నాను. ఒంటరిగా అంత పెద్ద ఊరు వెళ్ళడం ఇదే మొదటిసారి.

నా ప్లాన్ ఇది. శుక్రవారం సాయంత్రం క్లాసులవగానే ఆరున్నర రైలెక్కితే రాత్రి పన్నెండున్నరకు దిగుతాను. శనివారం పొద్దున హాస్టల్ వాడి దగ్గర, మధ్యాహ్నం సెంటర్లో, రాత్రికి దక్షిణాన మిగతా ఇద్దరి గదిలో. ఆదివారం మ్యూజియం, పాత బజారు, ఎత్తైన టవర్ ఒకటుందట అది, వీలైతే మళ్ళీ హాస్టల్. రాత్రి 00:20 రైలుకి తిరుగు ప్రయాణం, పొద్దున 6:20కి దిగి స్నానం చేసి 9 గంటల ల్యాబ్‌కి వెళ్ళిపోవడమే. తిరుగు టికెట్ ఆదివారం తేదీకి తీసేశాను. ఇందులో తప్పులుంటే చెప్పండి. డబ్బుల లెక్క కూడా ఎలా చూసుకోవాలో తెలియడం లేదు.

రాత్రిబండి:

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ టికెట్ తీసి తేదీ చూడు. ఆదివారం 00:20 అంటే ఆదివారం రాత్రి కాదు. శనివారం రాత్రి పన్నెండు దాటాక ఇరవై నిమిషాలకి. నువ్వు టవర్ ఎక్కి ఫోటోలు దిగుతున్న రోజు, తెల్లవారకముందే నీ రైలు వెళ్ళిపోయి ఉంటుంది. నీకు కావాల్సింది సోమవారం తేదీతో ఉన్న 00:20.

నవ్వుతూ చెప్తున్నాను గానీ నేను ఇలాగే దెబ్బతిన్నవాణ్ణి. ఫస్టియర్లో బ్యాగు భుజాన వేసుకుని దర్జాగా స్టేషన్‌కి వెళ్ళాను. చార్టులో పేరు లేదని గొడవ పెట్టుకున్నాను కూడా. కౌంటర్‌లో ఉన్నాయన టికెట్ చూసి "బాబూ, నిన్న రావాల్సింది" అన్నాడు. ఆ రాత్రంతా ప్లాట్‌ఫారం బెంచీ మీదే. అప్పట్నించి అర్ధరాత్రి పన్నెండుకీ రెండింటికీ మధ్య బయల్దేరే బండి అయితే ఇంట్లో గట్టిగా పైకే చెప్పుకుంటాను, "ఏ రాత్రి భోంచేసి బయల్దేరాలి?" అని.

కొత్తబాటసారి:

అన్నా, చూశాను. ఆదివారం తేదీయే! క్యాన్సిల్ చేస్తున్నాను. చాలా థాంక్స్. అసలు అనుమానమే రాలేదు.

రాత్రిబండి:

క్యాన్సిల్ ఎలాగూ చేస్తున్నావు కాబట్టి సోమవారం 00:20 కూడా తీసుకోకు. రెండు రోజులు తిరిగి, రాత్రి కూర్చుని వచ్చి, పొద్దున్నే ల్యాబా? రైలు ఒక గంట లేటైతే స్నానం ఉండదు, మూడు గంటలు లేటైతే ల్యాబే ఉండదు. ఆదివారం సాయంత్రం ఐదు ప్రాంతాల్లో బండి ఉంటే అది పట్టుకో, పదకొండున్నరకల్లా నీ మంచం మీద ఉంటావు. దాని తర్వాత అదే దారిలో ఇంకో రైలో బస్సో ఉందో లేదో కూడా రాసి పెట్టుకో. రోజులో ఆఖరి బండిని నమ్ముకుని ఎప్పుడూ ప్లాన్ వెయ్యకూడదు, అది తప్పితే వెనక ఇంకోటి ఉండదు.

వెళ్ళేటప్పటి సంగతి కూడా ఆలోచించు. పన్నెండున్నరకి దిగి అక్కణ్ణుంచి ఎలా వెళ్తావు? న్యూయార్క్ సబ్‌వే రాత్రంతా నడుస్తుంది. లండన్‌లో శుక్ర, శనివారాల రాత్రి కొన్ని లైన్లు తెల్లవార్లూ తిరుగుతాయి. చాలా నగరాల్లో మాత్రం అర్ధరాత్రికి అటూ ఇటుగా మెట్రో షట్టర్లు దించేస్తారు. స్టేషన్‌కి దగ్గర్లో ఎవరున్నారు?

కొత్తబాటసారి:

దగ్గరంటే పిన్నిగారింట్లో ఉన్న ఫ్రెండే. కానీ రాత్రి ఒంటిగంటకి వెళ్ళి వాళ్ళ తలుపు ఎలా కొడతాను? హాస్టల్ గేటు పదింటికే మూసేస్తారట. గదిలో ఉన్నవాళ్ళు "మేమొచ్చి తీసుకెళ్తాం" అంటున్నారు గానీ వాళ్ళకీ గంటకు పైగా దూరం.

రాత్రిబండి:

అయితే శుక్రవారం హాయిగా పడుకో. శనివారం తెల్లవారుజాము ఐదింటి రైలెక్కితే పదకొండుకి పట్టపగలు దిగుతావు. సగం రోజు పోయిందని బాధపడకు. ఒంటిగంటన్నరకి మంచం ఎక్కినవాడు ఆ సగం రోజు ఎలాగూ నిద్రలోనే పోగొట్టుకుంటాడు.

మూడోఅంతస్తు:

నేను ఏడేళ్ళుగా ఇలాంటి మహానగరంలోనే ఉంటున్నాను. తమ్ముడి ప్లాన్ చూస్తే మెట్రో మ్యాప్ ముందు పెట్టుకుని వేసినట్టుంది. ఆ మ్యాప్‌ని నమ్మకూడదు. రంగురంగుల గీతలతో, స్టేషన్లన్నీ సమానదూరంలో ఉన్నట్టు కనిపించే మ్యాపులకి మూలం లండన్‌ది. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీశాడు, 1933లో అచ్చయింది. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి అన్నది తెలిస్తే చాలు, దూరాలతో పని లేదన్నది ఆయన ఆలోచన. బ్రహ్మాండమైన ఆలోచనే. కానీ దాన్ని చూసి దూరం కొలిస్తే మోసపోతాం. అదే లండన్‌లో లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ మూడు వందల మీటర్లు కూడా ఉండదు, మెట్లు దిగి రైలు కోసం ఆగే లోపు నడిచి వెళ్ళిపోవచ్చు. ఊరి చివర లైన్లలో అదే సైజు గీతకి కిలోమీటర్లు ఉంటాయి.

కాబట్టి నగరంలో దూరాన్ని నిమిషాల్లో కొలువు. అది కూడా గుమ్మం నుంచి గుమ్మానికి. గది నుంచి స్టేషన్‌కి నడక, రైలు కోసం ఎదురుచూపు, లైన్ మారేటప్పుడు భూగర్భంలో ఆ పొడవాటి నడవా, దిగాక మళ్ళీ నడక. మ్యాప్ యాప్‌లో ఇప్పుడు ఎంత పడుతుందని కాకుండా, నువ్వు వెళ్ళబోయే రోజు, ఆ గంట పెట్టి చూడు. వారాంతాల్లో రైళ్ళు తగ్గుతాయి, ట్రాక్ మరమ్మతులు కూడా ఎక్కువగా అప్పుడే పెట్టుకుంటారు.

ఇప్పుడు నీ లెక్క చేద్దాం. శనివారం 11కి దిగి ఆదివారం 5కి ఎక్కితే చేతిలో ముప్ఫై గంటలు. ఏడు గంటలు నిద్రకి తీసెయ్, ఇరవై మూడు. ఉత్తరం, సెంటర్, దక్షిణం, మళ్ళీ సెంటర్, వీలైతే మళ్ళీ ఉత్తరం అన్నావు. నాలుగు విడతలు, ఒక్కోటి గంటంబావు అనుకో, ఐదు గంటలు రైలు కమ్మీ పట్టుకుని నిలబడటానికే సరి. నువ్వు వెళ్తున్నది ఫ్రెండ్స్‌ని చూడటానికా, మెట్రోని చూడటానికా?

నా సలహా ఒక్కటే. నువ్వు నలుగురి దగ్గరికీ వెళ్ళకు, వాళ్ళనే నీ దగ్గరికి రమ్మను. శనివారం మధ్యాహ్నం నలుగురూ సెంటర్‌కి వస్తే ఒక్కొక్కరికి ఒక్క ప్రయాణమే అవుతుంది. పైగా రెండేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉండి వాళ్ళలో వాళ్ళే కలుసుకుని ఉండరు, పందెం! ఊరి నుంచి ఎవరైనా వస్తేనే మేమంతా కలుస్తాం.

లెక్కలపిచ్చి:

మూడోఅంతస్తు చెప్పింది అక్షరాలా నిజం. మా ఫ్లాట్‌లో వాళ్ళని కూడా నేను పండగలకే చూస్తాను.

ఇంటిమనిషి:

నాది ఆతిథ్యం ఇచ్చే వైపు అనుభవం. మా గదికి నెలకొకరైనా వస్తుంటారు. వస్తే సంతోషమే, కానీ వచ్చేవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతులు కొన్నున్నాయి.

మొదటిది, "ఎప్పుడైనా రా" అన్నమాట, "ఈ శనివారం రా" అన్నమాట ఒకటి కాదు. తేదీలు, ఎన్ని రాత్రులు, ఎన్నింటికి వస్తావు, ఎన్నింటికి వెళ్తావు ఇవన్నీ మెసేజ్‌లో పెట్టు. నీ ఫ్రెండ్ ఒక్కడినే కాదు, ఆ గదిలో ఇంకెవరైనా ఉంటే వాళ్ళనీ అడగమను. మా రూమ్మేట్‌కి సోమవారం పరీక్ష ఉన్నప్పుడు మా కజిన్ వచ్చి రెండింటి దాకా కబుర్లు చెప్పింది. రూమ్మేట్ మళ్ళీ నాతో మాట్లాడటానికి వారం పట్టింది.

హాస్టల్‌లో పడుకునే ఆలోచన ఉంటే ముందు అక్కడి రూల్ కనుక్కో. చాలాచోట్ల రాత్రి అతిథి ఉండాలంటే ముందే అనుమతి కావాలి, ఐడీ చూపించాలి, రిజిస్టర్‌లో రాయాలి. దొంగచాటుగా దూరడం సరదాగానే ఉంటుంది. దొరికితే నువ్వు ఆదివారం రైలెక్కేస్తావు, సంజాయిషీ రాసుకునేది మాత్రం నీ ఫ్రెండ్.

దుప్పటి, టవల్, ఛార్జర్ నీవే తెచ్చుకో. విద్యార్థుల గదుల్లో అన్నీ మనుషుల లెక్కకే ఉంటాయి, ఒక్కటీ ఎక్కువ ఉండదు. ఇంకోటి, నీకిది ట్రిప్పు, వాళ్ళకి మామూలు ఆదివారం. బట్టలుతుక్కోవాలి, అసైన్‌మెంట్ రాసుకోవాలి. ఆదివారం పొద్దున రెండు మూడు గంటలు వాళ్ళని వదిలేసి నీ మ్యూజియం నువ్వు చూసుకో. అక్కడ ఉన్నవాళ్ళు దాన్ని ఇప్పటికే పదిమంది చుట్టాలకి చూపించి ఉంటారు, పాపం. టవర్ సంగతి వాతావరణం చూసి నిర్ణయించుకో, మబ్బు పట్టినరోజు పైకెక్కితే కనబడేది మబ్బే.

కొత్తబాటసారి:

అక్కా, దుప్పటి ఆలోచనే రాలేదు నాకు. డబ్బుల సంగతి ఎవరైనా చెప్పరూ? అయిదుగురం కలిసి తిరిగితే ఎవరెంత పెట్టారో గుర్తుండదు. అడగాలంటే మొహమాటం.

లెక్కలపిచ్చి:

వచ్చా, నా సబ్జెక్ట్ ఇది. ప్రతిచోటా బిల్లుని అయిదు ముక్కలు చెయ్యకండి. ఎవరి దగ్గర చేతిలో ఉంటే వాళ్ళు ఇచ్చెయ్యండి, ఇచ్చినవాళ్ళు గ్రూపులో అంకె ఒక్కటి పెట్టండి. ఆదివారం రైలెక్కే ముందు మొత్తం కూడి అయిదుతో భాగించండి. ప్రతి ఒక్కరూ పెట్టినదాంట్లోంచి వాటా తీసెయ్యండి. ప్లస్ వచ్చినవాడికి రావాలి, మైనస్ వచ్చినవాడు ఇవ్వాలి. ఉదాహరణకి ముగ్గురిలో ఒకడు 600, ఒకడు 300 పెట్టారు, మూడోవాడు ఏమీ పెట్టలేదు. వాటా 300. మూడోవాడు మొదటివాడికి 300 ఇస్తే అయిపోయింది, రెండోవాడు జేబు తియ్యక్కర్లేదు. ఇలా చేస్తే అయిదుగురికి ఎంత గజిబిజి లెక్క అయినా నాలుగు చెల్లింపులకు మించవు. ఎందుకు మించవో కాగితం మీద వేసి చూడు, సరదాగా ఉంటుంది.

మొహమాటం సంగతికొస్తే, ఖర్చుకి హద్దు ఎంతో బయల్దేరకముందే చెప్పు. "నా దగ్గర ఇంతే ఉంది" అని గురువారం చెప్తే ప్లానింగ్ అంటారు, అదే మాట శనివారం రాత్రి బల్ల దగ్గర చెప్తే అందరికీ ఇబ్బంది. కాలేజీ ఐడీ మర్చిపోకు, మ్యూజియాల్లో చాలాచోట్ల విద్యార్థులకు రాయితీ ఉంటుంది.

మూడోఅంతస్తు:

ఒకటి చెప్పడం మరిచాను. "స్టేషన్ దగ్గర కలుద్దాం" అనొద్దు. పెద్ద స్టేషన్ అంటే ఒక చిన్న ఊరు. టోక్యోలో షింజుకు స్టేషన్‌కి రెండు వందలకు పైగా ద్వారాలున్నాయి. ఎన్నో నంబర్ ఎగ్జిట్, లోపలా బయటా, దేని ముందు అన్నది రాసుకోండి. నగరంలో రైల్వే స్టేషన్లు కూడా ఒకటికి మించి ఉంటాయి, టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూసుకో, పేరుని చూసి ఊహించకు. పారిస్‌లో గార్ ద లియోన్ అని ఒక స్టేషన్ ఉంది. లియోన్ వైపు వెళ్ళే బళ్ళు అక్కణ్ణుంచి బయల్దేరతాయని ఆ పేరు, అంతేగానీ అది లియోన్‌లో లేదు.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టేటప్పుడు పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని అడుగుతుంది. కలుసుకోవడానికి గంట చాలు. ఫోన్ ఛార్జింగ్ భూగర్భంలో తొందరగా పడిపోతుంది, సిగ్నల్ అందక ఫోన్ వెతుకుతూనే ఉంటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. నలుగురి నంబర్లు, ఉండే గది అడ్రసు ఒక కాగితం మీద రాసి పర్సులో వేసుకో. నవ్వకు, ఫోన్ పోయిన రోజు తెలుస్తుంది. రద్దీలో బ్యాగు ముందుకి తిప్పుకో.

రాత్రిబండి:

ఇంట్లో కూడా ఏ బండిలో వెళ్తున్నావో, ఎవరి గదిలో ఉంటావో చెప్పి వెళ్ళు తమ్ముడూ. అర్ధరాత్రి ఫోన్ స్విచాఫ్ వస్తే వాళ్ళకి టెన్షన్. ఇంకేదైనా నిజంగా ఇబ్బంది వస్తే చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112 కొడితే అత్యవసర సేవలకి కలుస్తుంది.

కొత్తబాటసారి (పది రోజుల తర్వాత):

వెళ్ళొచ్చాను! అడిగి వదిలేశాడనుకుంటారని రాస్తున్నాను.

ఐదింటి రైలుకే వెళ్ళాను. నలుగురూ సెంటర్‌కి వచ్చారు. మూడోఅంతస్తు అన్న పందెం గెలిచారు, వాళ్ళు నలుగురూ ఒక్కచోట కలవడం ఆ ఊరొచ్చాక అదే మొదటిసారట. ఎగ్జిట్ నంబర్ రాసుకున్నాం గానీ హాస్టల్ వాడు అదే నంబర్ ఉన్న పక్క స్టేషన్లో దిగి ఇరవై నిమిషాలు "నేనొచ్చేశా, మీరెక్కడ?" అని అరిచాడు. అంటే నంబరుతో పాటు స్టేషన్ పేరు కూడా రాయాలన్నమాట. శనివారం రాత్రి దక్షిణాన గదిలో పడుకున్నాం, హాస్టల్ వాడు కూడా మాతోనే వచ్చేశాడు. మ్యూజియం సగమే చూశాను. టవర్ దూరం నుంచి కనబడింది, చాలనిపించింది.

లెక్క మూడు చెల్లింపులతో తేలిపోయింది. నాకే కొంచెం వెనక్కి వచ్చింది! తిరుగు ప్రయాణంలో సాయంత్రం ఐదింటి రైలు నలభై నిమిషాలు లేటు, అయినా పన్నెండులోపు మంచం ఎక్కాను, ల్యాబ్‌కి వెళ్ళాను.

ఇప్పుడు కొత్త చిక్కు. వచ్చే నెల నలుగురూ మా ఊరు వస్తామంటున్నారు. నాది ఒక్క మంచం పట్టే గది. ఇంటిమనిషి అక్కా, మళ్ళీ ప్రశ్న పెడతాను, కాస్త చూస్తూ ఉండండి.