నీలం మందు మెయిన్ ట్యాంకులో పోయవచ్చా?

బెజవాడ_గోల్డ్‌ఫిష్:
అందరికీ నమస్కారం. నా దగ్గర 60 లీటర్ల ట్యాంకులో రెండు ఒరాండా రకం గోల్డ్‌ఫిష్‌లున్నాయి. చిన్నదాని తోక మీద దూది అంటినట్టు బూజు కనిపిస్తే షాపులో నీలం మందు ఇచ్చి, "మూతతో రెండుసార్లు పోసేయండి" అన్నారు. పోశాను. దూది తగ్గింది. కానీ నాలుగో రోజుకి నీళ్లు మసకబారాయి, రెండూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో డోసు వేయనా?

వైజాగ్_ఏంజెల్స్:
వేయకండి అన్నా. ముందు సగం నీళ్లు మార్చండి, యాంటీ క్లోరిన్ కలపడం మరవొద్దు. ఎయిర్ పంపు ఫుల్‌గా పెట్టండి. మీరు పోసింది మిథిలీన్ బ్లూ అయ్యుంటుంది. ఫిల్టర్ స్పాంజిలో అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఉంటుంది, ఈ రంగు దాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఆ తర్వాత చేపల మలం నుంచి, మొప్పల నుంచి వచ్చే అమ్మోనియా అంతా నీళ్లలోనే ఉండిపోతుంది. నేనూ ఇలాగే చేసి మూడు ఏంజెల్ చేపల్ని పోగొట్టుకున్నాను. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే మిగిలిన నీలాన్ని లాగేస్తుంది. మేత రెండు రోజులు ఆపండి.

బెజవాడ_గోల్డ్‌ఫిష్:
నీళ్లు మార్చాను. అమ్మోనియా కిట్‌లో రంగు బాగా ముదురుగా వచ్చింది. మీరన్నదే నిజం. చిన్నదాని తోకకి దూది ఇంకా కొంచెం ఉంది. దానికేం చేయాలి?

వైజాగ్_ఏంజెల్స్:
దాన్ని వేరే బకెట్‌లోకి మార్చండి. 20 లీటర్ల నీళ్లు, ఎయిర్ స్టోన్ ఉంటే చాలు. లీటరుకి 2 మిల్లీగ్రాముల మందు అనుకుంటే మొత్తం 40 మిల్లీగ్రాములు కావాలి. 1 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములుంటాయి కాబట్టి 4 మిల్లీలీటర్లు. సిరంజితో కొలవండి, మూతతో కాదు. సీసా మీద శాతం రాసి లేకపోతే ఆ సీసా పక్కన పెట్టేయండి, ఈ లెక్కకి అది పనికిరాదు. బకెట్‌లో ఫిల్టర్ ఉండదు కాబట్టి రోజూ మూడో వంతు నీళ్లు మార్చి, మార్చిన నీళ్లకి సరిపడా మందు కలపండి. వెలుతురుకి రంగు విరిగిపోతుంది, బకెట్‌ని నీడలో ఉంచండి.

నేను ఈ మందుని ఎక్కువగా వాడేది గుడ్లకే. ఏంజెల్ గుడ్లలో ఫలదీకరణ కానివి తెల్లబడి బూజు పడతాయి, ఆ బూజు పక్క గుడ్లకీ పాకుతుంది. నీళ్లు లేత నీలంగా ఉంటే చాలావరకు ఆగుతుంది. తెల్లవాటిని డ్రాపర్‌తో తీసేయాలి. పిల్లలు ఈదడం మొదలుపెట్టే లోపు నీళ్లు కొద్దికొద్దిగా మారుస్తూ రంగు తగ్గిస్తాను.

వరంగల్_గప్పీ:
ఒక్క మాట. ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలుంటే అది బూజు కాదు, ఇక్ అనే పరాన్నజీవి జబ్బు. ఆ పరాన్నజీవి చర్మం కింద ఉన్నంతసేపూ మందు దాన్ని అందుకోలేదు. అది రాలి, పిల్లల్ని పెట్టి, అవి నీళ్లలో ఈదుతున్నప్పుడే దొరుకుతుంది. అందుకే చుక్కలు పోయాక కూడా కొన్ని రోజులు చికిత్స ఆపకూడదు. దానికి నీలం కంటే మాలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు మందు బాగా పనిచేస్తుంది. గ్లౌజులు లేకుండా దాన్ని ముట్టుకోకండి.

కైకలూరు_చెరువులు:
మాలకైట్ గ్రీన్ అక్వేరియం వరకే తమ్ముడూ. తినే చేపల్లో అది నిషేధం, కండలో మిగిలిపోతుంది. చెరువు ఉన్నవాళ్లెవరైనా ఇది చదివి పోసేస్తారేమోనని చెబుతున్నాను.

హైదరాబాద్_ట్యాంక్:
బెజవాడ గారూ, ఫిల్టర్ బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చినప్పుడు వచ్చే నైట్రైట్ కూడా చూడండి. అది రక్తంలోకి వెళ్తే మొప్పలు గోధుమ రంగుకి తిరుగుతాయి. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా రక్తం మోయలేదు. అక్కడ మాత్రం మిథిలీన్ బ్లూ నిజంగా ఆదుకుంటుంది. మనుషుల్లోనూ ఇలాంటి రక్త సమస్యకి డాక్టర్లు దీన్నే ఇస్తారు. ట్యాంకులో లీటరుకి గ్రాము చొప్పున ఉప్పు కలిపితే నైట్రైట్ మొప్పల్లోంచి లోపలికి పోకుండా అడ్డుపడుతుంది.

బెజవాడ_గోల్డ్‌ఫిష్:
ఆరో రోజు. శాతం రాసి ఉన్న కొత్త సీసా తెచ్చి కొలిచి వేశాను. తోక శుభ్రంగా ఉంది, చిన్నది నిన్న సాయంత్రం మేత తీసుకుంది. పెద్దది కూడా ఇప్పుడు అడుగునే తిరుగుతోంది. ట్యాంకులో అమ్మోనియా ఇంకా సున్నాకి రాలేదు, అందుకని చిన్నదాన్ని బకెట్‌లోనే ఉంచి, పొద్దున్నే ట్యాంకు నీళ్లు పావు వంతు మారుస్తున్నాను. అందరికీ చాలా థ్యాంక్స్.