కంట్రోల్ పరిధిలోనే ఉంది, కానీ రోజూ కొంచెం పైకి పాకుతోంది: రిపోర్టులు ఇవ్వవచ్చా?

ప్రశ్న (కావలి):
నేను ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ను. సెమీ ఆటో అనలైజర్‌పై జాఫే పద్ధతిలో, అంటే వచ్చే రంగును కొలిచే పద్ధతిలో, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేస్తాము. ఉదయం రోగుల నమూనాలు పెట్టే ముందు ఎక్కువ స్థాయి కంట్రోల్ (పరికరాన్ని సరిచూసేందుకు వాడే, విలువ ముందే తెలిసిన సీరం) ఒక్కటే నడుపుతాను. దానికి మా సగటు 4.0, ఎస్.డి. (విలువలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత) 0.2. ఈ ఆరు రోజుల విలువలు వరుసగా 4.05, 4.12, 4.24, 4.27, 4.29, 4.33. ఏదీ రెండు ఎస్.డి.ల హద్దయిన 4.4 దాటలేదు కాబట్టి ఇబ్బంది లేదని మా యజమాని అంటున్నారు. ఉదయగిరి వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి కిడ్నీ పరీక్షలకు వచ్చేవారికి 1.3 రావలసిన చోట 1.4 ఇస్తున్నానేమోనని నాకు బెరుకుగా ఉంది.

జవాబు (ఒంగోలు):
మీ బెరుకు సరైనదే. పరికరం చక్కగా పనిచేస్తున్నప్పుడు కూడా ఇరవైసార్లలో దాదాపు ఒకసారి కంట్రోల్ రెండు ఎస్.డి.ల గీత దాటుతుంది. కాబట్టి ఆ గీత ఒక్కదాన్నే చూసి నిర్ణయించకూడదు. 1981లో వెస్ట్‌గార్డ్ బృందం ప్రకటించిన ల్యాబ్ నాణ్యతా నియమాల ప్రకారం వరుసగా నాలుగు విలువలు ఒకే వైపున ఒక ఎస్.డి. దాటితే ఏదో ఒక దోషం స్థిరంగా పనిచేస్తున్నట్లు లెక్క. మీ చివరి నాలుగూ 4.2కు పైనే ఉన్నాయి. రోజువారీ కంట్రోల్ విలువలను సగటు, ఎస్.డి. గీతల మధ్య గుర్తించే లెవీ-జెన్నింగ్స్ చార్టుపై చుక్కలు పెట్టి ఉంటే ఆ ఎక్కుడు మీ యజమానికి కూడా కనిపించేది.

జవాబు (నెల్లూరు):
క్యాలిబ్రేషన్ (పరికరాన్ని తెలిసిన విలువకు సరిచేయడం) జోలికి వెళ్లేముందు అదే సీసాలోని కంట్రోల్‌తో చేసిన యూరియా, గ్లూకోజ్ విలువలు చూడండి. క్రియాటినిన్ ఒక్కటే పెరుగుతుంటే రీజెంటునో (పరీక్షకు కలిపే రసాయనం), క్యాలిబ్రేటర్‌నో (పరికరాన్ని సరిచేసే ద్రావణం) అనుమానించాలి. అన్నీ కలిసి పెరుగుతుంటే తప్పు సీసాలోనే ఉంది, నీరు ఆవిరై సీరం చిక్కబడుతోంది. మన ఎండల్లో ఫ్యాను కింద మూత తీసి పెట్టిన సీసాకు ఇది మామూలే. కొత్త సీసాలోని కంట్రోల్ పొడిలో 5 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కచ్చితంగా కొలిచి పోసి, నురగ రాకుండా మెల్లగా తిప్పుతూ అరగంట కరగనిచ్చి, చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచి, రోజుకొకటి తీసి వాడండి. పరిధిలోకి వచ్చేదాకా కంట్రోల్‌ను మళ్లీ మళ్లీ నడపడం మాత్రం వద్దు. కొత్తలో నేనూ ఆ పని చేసినవాడినే.

ప్రశ్న అడిగినవారు:
చూశాను సార్, యూరియా, గ్లూకోజ్ కూడా పెరిగాయి. పాత సీసాలో అడుగున అర మి.లీ. మిగిలి ఉంది, రబ్బరు మూత వదులైపోయింది. కొత్త సీసా కరిగించి నడిపితే 4.03 వచ్చింది. రోగుల రిపోర్టులు బాగానే వెళ్లాయన్నమాట.

జవాబు (ఒంగోలు):
పరికరం జారలేదన్నంత వరకు నిజమే. అయితే మీ భయమంతా 1.3 దగ్గర, మీ కంట్రోల్ చూస్తే 4.0 దగ్గర. జాఫే పద్ధతిలో క్రియాటినిన్‌తో పాటు సీరంలోని ప్రొటీన్లు కూడా కొంత రంగునిస్తాయి, 4.0లో కలిసిపోయే ఆ కొద్దిపాటి తేడా 1.3లో పెద్దదవుతుంది. తక్కువ స్థాయి కంట్రోల్‌ను కూడా రోజూ నడపాలి. ఖర్చని మీ యజమాని అంటే ఈ ఆరు విలువలనే చార్టుగా గీసి ఆయన ముందు పెట్టండి. వెల్లూరు సి.ఎం.సి. నిర్వహించే బయటి నాణ్యతా పరీక్షలో చేరితే ఇతర ల్యాబులతో పోలిస్తే మీరెక్కడ ఉన్నారో కూడా తెలుస్తుంది.