అప్‌డేట్: సుపీరియర్ సరస్సు ఒడ్డున మిన్నెసోటా ప్రయాణం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ నగరం నుంచి కెనడా సరిహద్దు దాకా 61వ నంబరు హైవే మీద వెళ్తున్నాం, ఎక్కడెక్కడ ఆగాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. వెళ్లి వచ్చాం. ఓపికగా దారి చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు.

డులూత్ దాటగానే ఎక్స్‌ప్రెస్‌వే వదిలి ఒడ్డు వెంబడి పాత రోడ్డు పట్టమన్నది ముమ్మాటికీ మంచి సలహా. టూ హార్బర్స్ వరకూ నీళ్లు దాదాపు పక్కనే ఉంటాయి. గూస్‌బెరీ జలపాతాల దగ్గర జనం ఎక్కువ. స్ప్లిట్ రాక్ దీపస్తంభం 1910 నాటిది; 1905 నవంబరు తుఫానులో ఓడలు దెబ్బతిన్నాక కట్టారట.

నా మనసు దోచుకున్నది మాత్రం డెవిల్స్ కెటిల్ జలపాతం. బ్రూల్ నది ఒక రాతి దగ్గర రెండుగా చీలుతుంది. ఒక పాయ మామూలుగా కిందికి దూకుతుంది, రెండోది రాతి గుంతలో పడి మాయమవుతుంది! ఆ నీళ్లు ఎటు పోతాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. దిగువన ప్రవాహాన్ని కొలిచి చూశాక, మళ్లీ నదిలోనే కలుస్తున్నాయని 2017లో తేల్చారు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోండి.

పెద్దవాళ్లు వెంట ఉంటే గ్రాండ్ పోర్టేజ్ స్టేట్ పార్క్ మేలు. నడక తక్కువ, దారి చదును, 120 అడుగుల జలపాతం, నదికి అవతలి ఒడ్డు కెనడా. అక్కడ వాహన పర్మిట్ కూడా అక్కర్లేదు. వేసవిలోనైనా సరస్సు గాలి చలి పుట్టిస్తుంది, స్వెటర్ తప్పక పెట్టుకోండి.