పేరు పెట్టడమా, పేరు పడటమా? (మా పార్కు బోర్డు కోసం)

సభ్యులందరికీ నమస్కారం. రెండు క్రియల గురించి అడుగుదామని మొదలుపెట్టాను. రాస్తుంటే పెద్దదైంది, ఓపిక చేసుకోండి.

గుంటూరులో మేముండే కాలనీలో ఒక ఖాళీ జాగా బాగుచేసి పార్కు చేశారు. నాలుగు బల్లలు, రెండు వేపచెట్లు, చుట్టూ నడవడానికి బాట. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణని బోర్డు మీద వాక్యం రాసే పని నాకు అప్పగించారు. సంఘం వాళ్లు ఖాయం చేసిన పేరు ‘నందనవనం’. ‘ఈ ఉద్యానవనమునకు నందనవనమని పేరు పెట్టడమైనది’ అని రాసుకుని, అక్కడ ఆగాను. ఆ జాగాలో ఒకప్పుడు మంచినీళ్ల మోటారు గది ఉండేది. గది పడగొట్టి ఏళ్లయింది. అయినా పిల్లలు, పాలు పోసే ఆయన, పొద్దున్నే నడకకొచ్చేవాళ్లు అందరూ ‘మోటారు పార్కు’ అనే అంటున్నారు. ఆ పేరు ఎవరూ పెట్టలేదు. పడింది.

‘పెట్టు’కు పెట్టేవాళ్లు కావాలి. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, అందులో పేరు రాసి పెడతారు. ముహూర్తం ఉంటుంది, పదిమంది సాక్షులుంటారు. ‘పడు’కు ఇవేవీ అక్కర్లేదు. అలవాటు పడటం, స్థిరపడటం, ముడిపడటం లాంటివన్నీ ఎప్పుడు మొదలయ్యాయో చెప్పలేం, అయ్యాకే తెలుస్తుంది. ‘పేరుపడ్డ వైద్యుడు’ అంటాం. ఆ పేరు ఆయన తగిలించుకున్నది కాదు, నయమైనవాళ్లు పదిచోట్ల చెప్పుకోగా పడింది. ఇంకో సంగతి కూడా ఉంది. మా అమ్మ ‘కూర పేరు పెట్టడానికి లేదు’ అనేది, వంక పెట్టడానికి లేదని. పెట్టడంలో వంకపెట్టడం కూడా ఉంది. పడటంలో అది లేదు.

మా ఊరు చూడండి. బ్రాడీపేట, అరండల్‌పేట పెట్టిన పేర్లు. ఇంగ్లీషు దొరల పేర్లకు మన ‘పేట’ అతికించారు, అవి అతుక్కుపోయాయి. లోపల వీధులకు అంకెలే. ఒక వరస వీధులు లైన్లు, వాటికి అడ్డంగా పోయేవి అడ్డరోడ్లు. బ్రాడీపేట 4/14 అని రాస్తే గుంటూరు మనిషికి నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని వెంటనే తెలుస్తుంది. ‘అడ్డరోడ్డు’ ఎంత బాగా కుదిరిన మాటో గమనించండి. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, ఎక్కడా అతుకు కనపడదు.

శంకర్ విలాస్ సెంటర్ ఒక హోటలు పేరు మీద పడింది. పక్కన రైలు పట్టాల మీద కట్టిన వంతెనకూ హోటలు పేరే పడింది. నాజ్ సెంటర్ సినిమా హాలు వల్ల వచ్చింది. జిన్నా టవర్ పేరు మార్చాలని 2022లో గట్టిగా అడిగారు, ఆ ఫిబ్రవరిలో టవరుకు మువ్వన్నెల రంగులు వేశారు. ఆటో ఎక్కేవాళ్లు మాత్రం ఇప్పటికీ పాత పేరే చెబుతున్నారు. ఇక చుట్టుగుంట, సంగడిగుంట లాంటి పేర్లున్నాయి. ‘గుంట’ అంటే నీళ్లు నిలిచే పల్లం. అలాంటి పేరు నేల స్వభావాన్ని చెబుతుంది. దాన్ని తీసేసి ఏ ‘నగర్’ అనో పెడితే, ఇల్లు కొనుక్కోవడానికి వచ్చినవాడికి ఆ కబురు అందదు.

అందుకని అడుగుతున్నాను. పేరు పడిన చోట మళ్లీ పేరు పెట్టడం సబబేనా? బోర్డు మీద ఏ క్రియ రాయమంటారు?

*

విజయవాడ సభ్యురాలు:

మాస్టారూ, మా బెజవాడలో రెండు పెద్ద రోడ్లకూ పెద్ద పేర్లే పెట్టారు. ఒకటి మహాత్మాగాంధీ రోడ్డు, ఇంకోటి కారల్ మార్క్స్ రోడ్డు. ఎవర్నడిగినా బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు అంటారు. గాంధీ గారి మీదా మార్క్స్ మీదా గౌరవం లేక కాదండీ. రోడ్డు ఎటు పోతుందో చెప్పే పేరు బండి తోలేవాడికి అక్కరకొస్తుంది. ఆ మాటకొస్తే ‘బందరు’ అన్నదే పారసీలో రేవు. రేవన్న మాట ఊరి పేరైంది, ఊరి పేరు మా రోడ్డుకు పడింది.

అయితే పెట్టిన పేర్లు నిలవవని అనుకోకండి. కృష్ణ మీద 1850లలో ఆనకట్ట కట్టించిన ఓర్ దొర పేరుతో మా దగ్గర ఒక కొండ ఉండేది, ఓర్ కొండ. 1968లో దాని మీద 52 అడుగుల గాంధీ స్తూపం లేచింది. ఇప్పుడు అది గాంధీ కొండే. లెనిన్ సెంటర్ కూడా అంతే. విగ్రహం కళ్లెదుట ఉంది, చుట్టూ పాత పుస్తకాల కొట్లున్నాయి. చూపించడానికి ఒక వస్తువు ఉంటే పెట్టిన పేరు కూడా పడుతుందేమో.

ఇంకో చిత్రం వాంబే కాలనీ. అది వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన అనే ఇళ్ల పథకానికి ఇంగ్లీషు పొడి అక్షరాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌తో పాటు ఆ పేరూ రోజూ వార్తల్లో విన్నాం. అది పథకం పేరని చాలామందికి తెలియదు, ఊరి పేర్లలో ఒకటిగా కలిసిపోయింది.

*

హైదరాబాదులో ఉంటున్న తెనాలి సభ్యుడు:

‘సెంటర్’ గురించి ఒక్కమాట. ఇక్కడ చౌరస్తా అంటారు. విశాఖలో జంక్షన్, కర్నూలు, అనంతపురం వైపు సర్కిల్. మన గుంటూరు, కృష్ణా వైపు సెంటర్. ఊరి నడిబొడ్డునే ఉండక్కర్లేదు, నాలుగు దారులు కలిసి ఒక టీకొట్టు ఉంటే సెంటరే. వచ్చిన కొత్తలో నేను ‘ఈ సెంటర్లో ఆపు బాబూ’ అంటే ఆటోవాడు వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. ఆ మాట నోట్లోంచి పోతే మా ఊరు పోయినట్టే అనిపించి ఇప్పటికీ మానలేదు. బెజవాడలో బెంజి సర్కిల్ ఒక్కటి సర్కిల్‌గా ఎలా మిగిలిందో అక్కడివాళ్లు చెప్పాలి.

*

గుంటూరు సభ్యురాలు:

గురువుగారూ, మీతో పూర్తిగా ఏకీభవించలేను. పడిన పేర్లే చాలనుకుంటే ఊరి మీద హోటళ్ల పేర్లు, సినిమా హాళ్ల పేర్లే మిగులుతాయి. నలుగురికి మేలు చేసి పోయినవాళ్ల పేరు దానంతటదే పడదు, ఎవరో పూనుకుని పెట్టాలి. పడిన పేర్లలో ఆడవాళ్ల పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. విజయవాడ బీసెంట్ రోడ్డుకు అనీ బీసెంట్ పేరు పెట్టారు గనకే, బట్టలు కొనడానికి వెళ్లేవాళ్లందరి నోటా ఒక ఆడమనిషి పేరు నానుతోంది. కౌన్సిల్లో తీర్మానం చేసి పెట్టడం అందుకే.

*

మళ్లీ నేను:

చివరి జవాబు రెండు రోజులు నన్ను వదల్లేదు. అమ్మా, మీ మాట నిజం. జనం దారి చెప్పడానికి పేరు వాడతారు, ఋణం తీర్చుకోవడానికి కాదు. ఋణం తీర్చుకోవాలంటే పెట్టాల్సిందే. కాకపోతే అందుకు చోటు చూసుకోవాలి. బ్రాడీపేట లాగా కొత్తగా వీధులు వేస్తున్నప్పుడు పెట్టిన పేరు హాయిగా నిలుస్తుంది. బందరు రోడ్డులా అప్పటికే పేరున్న దాని మీద పెడితే అది కవర్ల మీదే బతుకుతుంది. పొట్టిగా ఉంటే ఇంకా మంచిది. విజయవాడ దగ్గర కృష్ణ మీది వంతెనకు కనకదుర్గమ్మ వారధి అని పెడితే జనం చివరి మాట తీసుకున్నారు. ‘వారధి దగ్గర దిగుతా’ అంటారు. పుస్తకాల్లో తప్ప వినపడని ఒక పాత మాట బస్సు కండక్టర్ల నోటికి చేరింది. పేరు పెట్టినవాళ్లకు నమస్కారం చెప్పాలి.

నిన్న సాయంత్రం పార్కులో ఈ సంగతే మాట్లాడుతుంటే పక్క వీధి పెద్దావిడ ఒకరు అందుకున్నారు. తెల్లవారుజామున ఆ మోటారు వేసి నీళ్లు వదిలే మనిషి ఒకాయన ఉండేవాడట. కరెంటు పోతే వచ్చేదాకా గది ముందే మడతమంచం వేసుకుని పడుకునేవాడట, వచ్చాక ఎవరి బిందె కూడా ఖాళీగా ఉండకూడదని. ‘మోటారు’ అన్నప్పుడల్లా ఆమెకు గుర్తొచ్చేది ఆయనే. వస్తువు పేరనుకున్నాను. వెనకాల మనిషి ఉన్నాడు. ఆయన ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే ఆ పేరు కూడా బోర్డు మీద రాయాలని సంఘంలో చెప్పాను. ఒప్పుకున్నారు. నందనవనం వద్దనుకున్నారు.

పెయింటరు ఆదివారం వస్తాడు. ఇప్పటికి నేను రాసింది ఇది:

‘మోటారు పార్కు. ఈ కాలనీకి మంచినీళ్లిచ్చిన మోటారు గది ఇక్కడ ఉండేది. అందువల్ల ఈ పేరు పడింది.’

కింద ఆయన పేరుకు ఒక వరస ఖాళీ ఉంచాను. ‘అందువల్ల’ బాగుందా, ‘అందుకే’ బాగుందా? మోటారా, మోటరా? శనివారం లోపు చెప్పండి.