విక్టోరియా కాలపు బాలే దుస్తులు: 1840ల నర్తకి లంగా పొడవు ఎంత ఉండాలి?

తెరచాటు (ప్రశ్న)

నేను నాటక కళల విభాగంలో దుస్తుల రూపకల్పన చదువుతున్నాను. మా తరగతి ప్రదర్శించబోయే నాటకం 1840ల లండన్‌లో జరుగుతుంది. అందులో ఒక బాలే సన్నివేశం ఉంది, ఆ నర్తకి దుస్తులు సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. విక్టోరియా కాలపు బాలే అని వెతికితే ఒకచోట పిక్కల దాకా దిగే తెల్లని పలుచటి లంగా కనిపిస్తోంది, మరొకచోట నడుము చుట్టూ పళ్ళెంలా నిలబడే పొట్టి టూటూ కనిపిస్తోంది. రెండూ ఆ కాలానివేనని రాస్తున్నారు. స్త్రీల చీలమండ కనిపించినా తప్పుపట్టారని చెప్పే సమాజం వేదిక మీద ఇంత పొట్టి దుస్తులను ఎలా ఒప్పుకుంది? 1840లకు ఏ పొడవు, ఏ బట్ట, ఏ రంగు సరైనవో తెలిసినవారు వివరించగలరు.

పాత అచ్చుబొమ్మలు

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 వరకు, అంటే దాదాపు 64 ఏళ్లు పాలించింది. అంత కాలానికి ఒకే దుస్తులు ఉండవు కనుక మీకు రెండు రకాల బొమ్మలు కనిపించడంలో వింత లేదు. మీ నాటకానికి కావలసింది మొదటిదే. పళ్ళెంలా అడ్డంగా నిలబడే టూటూను పక్కన పెట్టేయండి. అది ఇరవయ్యో శతాబ్దపు రూపం. విక్టోరియా పాలన చివరి ఏళ్లలో లంగా మోకాళ్ల దాకా వచ్చినప్పుడు కూడా అది కిందికి వాలే ఉండేది.

తెల్ల లంగాకు ప్రతిష్ఠ తెచ్చింది మరీ టాలియోనీ అనే నర్తకి. 1832 మార్చి 12న పారిస్ ఆపెరాలో, తండ్రి ఫిలిప్పో టాలియోనీ కూర్చిన 'లా సిల్ఫీద్' బాలేలో ఆమె వేసుకున్న గంట ఆకారపు మస్లిన్ లంగా, బిగుతైన బాడీస్ (నడుముకు పైభాగపు రవిక), లేత గులాబీ మేజోళ్లు ఆ తర్వాత తరమంతటికీ నమూనా అయ్యాయి. ఆ దుస్తుల రూపకల్పన యూజీన్ లామీదని చెబుతారు. అయితే 1830ల ఆరంభంలో వీధిలో తిరిగే నాగరిక స్త్రీల గౌనులు కూడా చీలమండల దగ్గరే ఆగేవి. అందువల్ల టాలియోనీ లంగా ఆనాటి ఫ్యాషన్‌కు ఓ జానెడు పైన ఉండేదే తప్ప మరో లోకానిది కాదు. ఆ తర్వాత వీధి గౌనులు నేలను తాకేదాకా పెరిగాయి, వేదిక మీది లంగా మాత్రం ఉన్నచోటే ఉండి, క్రమంగా ఇంకా పైకి జరిగింది. రెంటి మధ్య దూరం ఆ విధంగా పెరిగింది. పియానో కాళ్లకు కూడా ముసుగులు తొడిగారనే కథను దయచేసి నాటకంలో పెట్టకండి. అది 1839లో కెప్టెన్ మారియట్ అనే ఆంగ్లేయుడు అమెరికావారిని వెక్కిరిస్తూ రాసిన మాట.

నడుముకు పైభాగం ఫ్యాషన్‌ను అనుసరించేది, నడుముకు కిందిభాగం పాదాల పనిని అనుసరించేది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మీ పని సులువవుతుంది. 1840ల బాడీస్‌కు భుజాలు తెరిచి, నడుము ముందుభాగంలో మొనలా దిగేటట్టు కుట్టాలి. ఆనాటి విందు గౌను కూడా అచ్చం అలాగే ఉంటుంది. లోపల కార్సెట్, అంటే నడుమును బిగించే లోదుస్తు, తప్పనిసరి. 1845 జూలై 12న లండన్‌లోని హర్ మెజెస్టీస్ థియేటర్‌లో జూల్ పెరో కూర్చిన 'పా ద కాత్ర్'లో టాలియోనీ, కార్లొత్తా గ్రీసీ, ఫానీ చెరీతో, లూసీల్ గ్రాన్ నలుగురూ కలిసి ఆడారు. దాని మీద చాలోన్ గీసిన ప్రసిద్ధ చిత్రం అచ్చుల్లో దొరుకుతుంది. లేత గులాబీ లంగాలు, తలలో పూలు, భుజాల దగ్గర చిన్న చేతులు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. మీరు దాన్ని ముందు పెట్టుకుని కుట్టించినా ఎవరూ తప్పుపట్టలేరు. విక్టోరియా, ఆల్బర్ట్ ఇద్దరూ ఆ నృత్యాన్ని చూశారు. రాణికి బాలే మీద మోజు చిన్నప్పటిదే; గవర్నెస్ లేజెన్‌తో కలిసి ఆమె సేకరించిన 132 చెక్క బొమ్మల్లో కొన్నింటికి నర్తకుల వేషాలు వేసింది.

గంజి-సూది

పై సమాధానానికి బట్ట గురించి కొంత చేరుస్తాను. ఆనాటి లంగాలకు టార్లటాన్ వాడేవారు. అది బాగా గంజి పట్టించిన పలుచటి నూలు బట్ట. దానితోపాటు యంత్రం మీద నేసిన వల బట్ట కూడా ఉండేది. 1809లో జాన్ హీత్‌కోట్ ఆ యంత్రానికి పేటెంట్ తీసుకున్న తర్వాతే వల బట్ట చౌకయింది. పొరలు పొరలుగా కుట్టాలి, అన్నీ ఒకే పొడవు ఉండకూడదు.

ఈ బట్ట అందం వెనుక ఉన్న ప్రమాదాన్ని కూడా మీ నాటక రచయిత తెలుసుకోవాలి. గంజి పట్టిన పలుచటి పొరల మధ్య గాలి నిండి ఉండడం వల్ల నిప్పురవ్వ తగిలితే క్షణాల్లో ఒళ్లంతా అంటుకునేది. 1844 డిసెంబరులో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో ప్రేక్షకులు చూస్తుండగానే క్లారా వెబ్‌స్టర్ లంగాకు దీపం అంటుకుంది; రెండు మూడు రోజుల్లో ఆమె చనిపోయింది. పారిస్‌లో కార్తెరాన్ అనే వ్యక్తి పటిక, వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో బట్టను ముంచే పద్ధతి కనిపెట్టగా, 1859లో ప్రభుత్వం దాన్ని రంగస్థలాల్లో తప్పనిసరి చేసింది. అలా ముంచిన బట్ట బిరుసెక్కి మెరుపు పోయేది. టాలియోనీ శిష్యురాలైన ఎమ్మా లివ్రీ అలాంటి లంగా వేసుకోవడానికి ఒప్పుకోలేదు. 1862 నవంబరు 15న సాధన జరుగుతుండగా గ్యాస్ దీపం ఆమె లంగాకు అంటుకుంది. ఎనిమిది నెలలు బాధపడి 1863 జూలైలో కన్నుమూసింది. ఆమెను మూర్ఖురాలిగా చూపే రాతలు నాకు నచ్చవు. బట్ట తేలికదనం మీదే బ్రతుకుతెరువు ఆధారపడినప్పుడు ఆ నిర్ణయం ఆమె ఒక్కతెదే అనలేం.

మీ వేదిక మీద నిజమైన దీపాలు, కొవ్వొత్తులు ఉంటే నైలాన్ వల బట్టతో కూడా అంతే జాగ్రత్త అవసరం.

గ్యాలరీ టికెట్టు

మొదటి సమాధానంతో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. సమాజం ఎలా ఒప్పుకుందన్న ప్రశ్నకు కొలతలు మాత్రమే చాలవు. సమాజం దుస్తులను ఒప్పుకున్నట్టు కనిపించినా, నర్తకిని ఒప్పుకోలేదు. టాలియోనీ వంటి తారలకు పూలగుత్తులు దక్కాయి. వెనుక వరుసలో తక్కువ కూలికి ఆడే అమ్మాయిలకు మాత్రం చెడ్డపేరే మిగిలింది. 1877లో స్టూవర్ట్ హెడ్లమ్ అనే క్రైస్తవ పురోహితుడు రంగస్థలాన్ని సమర్థిస్తూ ఉపన్యసించినందుకు కొలువు పోగొట్టుకున్నాడు. 1879లో ఆయనే నటీనటులకూ చర్చికీ మధ్య స్నేహం పెంచడానికి ఒక సంఘాన్ని స్థాపించాడు. శతాబ్దం చివరికి లండన్ బాలే లెస్టర్ స్క్వేర్‌లోని అల్హంబ్రా, ఎంపైర్ అనే మ్యూజిక్ హాళ్లకు చేరింది. అప్పటికే మగ నర్తకులు చాలావరకు వెనక్కి తగ్గారు. ఆడవాళ్లే బిగుతు మేజోళ్లు తొడుక్కుని నాయకుడి వేషం వేసేవారు. పారిస్‌లో 1870 నాటి 'కొప్పేలియా'లో ఫ్రాంజ్ పాత్ర వేసింది యూజెనీ ఫియోక్ర్ అనే నర్తకి. లంగా పొట్టి కావడానికి ఇటలీ నర్తకుల గట్టి మొనల జోళ్లూ, వాటితో వేసే గిరగిర చుట్లూ కారణమన్నది నిజమే, కానీ టికెట్టు కొనేవారి చూపు కూడా ఒక కారణమే.

తెరచాటు

ఇద్దరు ముగ్గురు ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. ఒక అనుబంధ ప్రశ్న. మా నాటకంలో ఆ నర్తకి భారతదేశపు దేవాలయ నర్తకి వేషం వేస్తుంది. దానికి మన కూచిపూడి దుస్తులను ఆధారం చేసుకోవచ్చా?

పాత అచ్చుబొమ్మలు

వద్దండి. ముందు విసనకర్రలా తెరుచుకునే కుట్టు మడతల దుస్తులు ఇరవయ్యో శతాబ్దానివి. అప్పటి ఐరోపాకు బయడేర్, అంటే భారతదేశపు దేవాలయ నర్తకి, ఒక ఊహ. 1830లో టాలియోనీ అలాంటి పాత్రను పారిస్‌లో పోషించింది. అప్పటికి ఆ దేశంలో ఎవరూ అసలైన దేవదాసీల నృత్యం చూడలేదనే చెప్పాలి. 1838లో పుదుచ్చేరి ప్రాంతం నుంచి అమ్మని అనే నర్తకితో కూడిన బృందం పారిస్‌కూ, ఆ తర్వాత లండన్ అడెల్ఫీ థియేటర్‌కూ వెళ్లింది. తర్వాత 'జిసెల్' కథ రాసినవారిలో ఒకరైన తియోఫిల్ గోతియే ఆమెను మెచ్చుకుంటూ రాశాడు, బార్ర్ అనే శిల్పి ఆమె కంచు బొమ్మ చేశాడు. అయినా బాలే దుస్తులు మారలేదు. 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెతిపా కూర్చిన 'లా బయడేర్'లో రాజు గోల్కొండ రాజా దుగ్మంత. కుతుబ్ షాహీలు 1687లోనే అంతరించారనీ, గోల్కొండ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉందనీ అక్కడ ఎవరూ పట్టించుకోలేదు.

కనుక మీ నర్తకికి అదే గంట ఆకారపు లంగా, అదే కార్సెట్, అవే శాటిన్ జోళ్లు వేయండి. వాటి మీద ఒక జరీ అంచు పలుచటి కండువా, నాలుగు హారాలు, తలకు ఒక పట్టీ చేర్చండి. జోళ్ల మొనలో గట్టి దిమ్మ ఉండకూడదు. అప్పటి నర్తకులు మెత్తని జోడు మొనకు, అంచులకు దారంతో రఫూ కుట్టుకుని మునివేళ్ల మీద నిలబడేవారు. మీ నటి అలా నిలబడలేకపోతే ఆ భంగిమను దర్శకునితో మాట్లాడి తీసివేయించండి.