పెట్రోల్‌లో ఇథనాల్ కలిపితే దేశానికి డాలర్లు మిగుల్తాయంట, మరి నా జేబుకి మిగిలేది ఏంది?

నగరి బీట్ (ప్రశ్న)

నేను మెడికల్ రెప్‌ని. ఉండేది తిరుపతిలో. సోమవారం పుత్తూరు, నగరి. బుధవారం చిత్తూరు. నెలకి రెండుసార్లు మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు. మిగతా రోజులు ఊళ్ళోనూ శ్రీకాళహస్తిలోనూ. అంతా కలిపి నెలకి సుమారు 2,400 కిలోమీటర్లు తిరుగుతాను. కంపెనీ కిలోమీటరుకి 2 రూపాయల 75 పైసలు ఇస్తుంది. ఆ రేటు 2019లో పెట్టింది. అప్పుడు మన దగ్గర లీటరు 80కి అటూ ఇటూ ఉండేది. 2025కి 110కి కాస్త తక్కువ. మా మేనేజర్‌కి ఈ ముక్క చెప్తే "టార్గెట్ చెయ్యి, అప్పుడు మాట్లాడదాం" అంటాడు.

బండి 125 సీసీ, 2018ది. డాక్టర్ల గదుల బయట గంటలు గంటలు కూర్చునే ఉద్యోగం కాబట్టి, పెట్రోల్ పోయించిన ప్రతిసారీ డైరీ వెనక పేజీల్లో రాసుకునే అలవాటు ఉంది. నిరుడు లీటరుకి 52 కిలోమీటర్లు వచ్చేది. ఈ ఏడాది 48 దాటడం లేదు. 2,400 కిలోమీటర్లకి అప్పుడు 46 లీటర్లు, ఇప్పుడు 50. అంటే నెలకి 400 పైనే ఎక్కువ పడుతోంది. మా పాప స్కూల్ ఆటోకి నెలకి కట్టేది 900. దాంట్లో సగం దాదాపు.

టీవీలో చూస్తే ఇంధన స్వావలంబన అంటారు. 2047 నాటికి సాధిస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీదే చెప్పారు. (2047కి నాకు 59 ఏళ్ళు. రిటైరయ్యాక చవక పెట్రోల్ పోయించుకుని యాడికి పోవాలి సామీ?) పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ (చెరుకు, మొక్కజొన్న లాంటి వాటితో తీసే ఆల్కహాల్) కలపడం 2030కి అనుకున్నది 2025కే అయిపోయిందన్నారు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా బంకుల్లో పెట్టమని వేసిన పిటిషన్‌ని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది.

నా ప్రశ్న ఒకటే. రాజకీయం వద్దు. దేశం నిజంగానే ఆయిల్ కొనుక్కోవడం మానేసిందనుకుందాం. నగరిలో లీటరు రేటు తగ్గుతుందా, తగ్గదా?

గుడిపాల బంకు

రాజకీయం వద్దని పెట్రోల్ గురించి అడిగితే ఎట్లా అన్నా? ఉప్పు వద్దని ఊరగాయ అడిగినట్టుంది.

నేను చిత్తూరు నుంచి వేలూరు పోయే రోడ్డులో ఒక బంకులో 11 ఏళ్ళుగా మేనేజర్‌ని. లెక్క చెప్తా. 2025లో క్రూడ్ బ్యారెల్ 65 డాలర్ల దగ్గర ఉండేది. బ్యారెల్ అంటే 159 లీటర్లు. అప్పుడు డాలర్ 88 రూపాయలు. అంటే లీటరు ముడి చమురు 36 రూపాయలు. దాన్ని శుద్ధి చేసి, రవాణా ఖర్చూ కంపెనీల లాభమూ కలుపుకుంటే 50 పైచిలుకు. దాని మీద కేంద్రం ఎక్సైజ్. 2022 మేలో 8 రూపాయలు తగ్గించారు, 2025 ఏప్రిల్‌లో 2 పెంచారు, దాంతో 21 రూపాయల 90 పైసలు అయింది. ఆ పైన మా డీలర్ కమీషన్ నాలుగున్నర లోపు. ఇక్కడికి దాదాపు 80.

దాని మీద మన రాష్ట్రం వ్యాట్ (అమ్మకం పన్ను) 31 శాతం. ఆ పైన లీటరుకి 4 రూపాయలు. ఆ పైన రోడ్ల సెస్ అని 1 రూపాయి. మొత్తం 30 దగ్గర. 80కి 30 కలిపితే మీ 110.

ఇందులో ఒక మెలిక గమనించండి. 31 శాతం వేసేది కేంద్రం పన్ను కలిపిన మొత్తం మీద. పన్ను మీద పన్ను.

ఆ 4 రూపాయల కథ కూడా వినండి. 2015లో ఒక ప్రభుత్వం పెట్టింది. 2018లో, ఎన్నికల ముందు, అదే ప్రభుత్వం 2 తగ్గించింది. 2020లో తర్వాతి ప్రభుత్వం మళ్ళీ 4 చేసి, ఇంకో రూపాయి సెస్ వేసింది. ఇప్పుడున్న వాళ్ళు దాన్ని అట్లాగే ఉంచారు. అందరూ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మా బంకు ముందు ధర్నా చేసినవాళ్ళే, టీ నేనే తెప్పించా.

జీఎస్టీలోకి తెస్తారా అంటే, 2021 సెప్టెంబర్‌లో లక్నోలో కౌన్సిల్ కూర్చుని ఇప్పుడు సమయం కాదు అని తేల్చేసింది. ఏ రాష్ట్రమూ గట్టిగా అడగలేదు.

పక్క రాష్ట్రంలో చూడండి. తమిళనాడు 2021 ఆగస్టులో పెట్రోల్ మీద 3 రూపాయలు తగ్గించింది. సరిహద్దు దాటితే లీటరుకి ఏడెనిమిది తేడా. డీజిల్‌కి అయిదారు. గ్రానైట్ లారీ డ్రైవర్ 300 లీటర్లు పోయించుకుంటే 1,500 మిగులు. వాడు నా బంకులో ఆగేది బాత్‌రూమ్‌కీ టైర్లకి గాలికీ. రెండూ ఫ్రీ. పోయించేది మాత్రం అవతల.

నగరి బీట్

గుడిపాల అన్నా, ఒప్పుకుంటున్నా, నేనూ ఆ లారీ డ్రైవర్ జాతే. సోమవారం నగరి పని అయ్యాక తిరుత్తణి వైపు నాలుగు కిలోమీటర్లు పోయి ఫుల్ ట్యాంక్ చేయిస్తా. పది లీటర్లకి 75, 80 మిగుల్తుంది. ఆ డబ్బుతో అక్కడే ఒక కాఫీ.

మరి మైలేజ్ సంగతి?

గుడిపాల బంకు

ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఇదివరకు పదో వంతు కలిపేవాళ్ళు, ఇప్పుడు అయిదో వంతు. ఆ మార్పుకి మూడున్నర శాతం దాకా తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రిపోర్టులోనూ పాత టూ వీలర్లకి 3, 4 శాతం అనే రాశారు. నీకు 52 నుంచి 50 అయితే ఇథనాల్. 50 నుంచి 48 అయితే చెయిన్ చూసుకో, టైర్లలో గాలి చూసుకో. అన్నీ ఢిల్లీ మీద వెయ్యకూడదు.

చెరుకు తోట

నేను ఈ ఇథనాల్ గురించే రాయాలి. మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. మా నాయన మూడెకరాల్లో చెరుకు వేసేవాడు. కొంత ఫ్యాక్టరీకి, కొంత మా గానుగలో బెల్లానికి. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బకాయిల కోసం నాయన ఎన్నిసార్లు బస్సెక్కాడో నాకు లెక్క లేదు. ఇప్పుడు ఆ మూడెకరాల్లో తోతాపురి మామిడి. దాని రేటు గురించి వేరే ఏడవాలి.

ఇథనాల్ వస్తే చెరుకు రైతు బాగుపడతాడని చెప్పారు కదా. ఉత్తరప్రదేశ్‌లో, మహారాష్ట్రలో బాగుపడ్డారేమో. మిల్లు నడిచే చోట అది నిజం. మిల్లే లేని చోట రైతు బాగుపడేది ఎట్లా? పైగా ఇప్పుడు చెరుకు కంటే మొక్కజొన్నతోనే ఎక్కువ తీస్తున్నారు. మొక్కజొన్న ఇథనాల్‌కి 2025లో ఆయిల్ కంపెనీలు ఇచ్చింది లీటరుకి 71 రూపాయల 86 పైసలు. గుడిపాల అన్న చెప్పిన లెక్కలో పెట్రోల్ పన్నులకి ముందు 50 పైచిలుకు. మరి కలిపితే రేటు తగ్గేది ఎట్లా?

నేను దానికి వ్యతిరేకం కాదు. అరబ్బు దేశానికి పోయే డబ్బు ఏ కర్నూలు మొక్కజొన్న రైతుకో పోతే నాకు సంతోషమే. కానీ అది రైతు కోసం, డాలర్ కోసం చేసిన పని. బండి వాడి కోసం చేసినట్టు చెప్పొద్దు. మాట వరసకి, మొక్కజొన్నతో చేసే కోళ్ళ మేత రేటు మా ఇంట్లో పెరిగింది, దాని సంగతి ఎవరూ టీవీలో చెప్పరు.

రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి

నాయనా రెప్పూ, నీ అసలు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. కొనడం మానేస్తే రేటు తగ్గుతుందా అని కదా అడిగావు. దాన్ని చేసి చూసిన దేశం ఒకటి ఉంది.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేస్తే అమెరికాలో బంకుల ముందు బారులు తీరారు. ఆ నవంబర్‌లో నిక్సన్ టీవీలోకి వచ్చి, 1980 నాటికి ఇంధనం కోసం ఎవరి మీదా ఆధారపడం అన్నాడు. 1980 వచ్చింది, పోయింది. ఆ తర్వాత వచ్చిన అధ్యక్షులూ అదే పాట. చివరికి షేల్ రాళ్ళని పగలగొట్టి తీసే పద్ధతి వచ్చాక సాధించారు. 2020లో పెట్రోలియం కొన్నదాని కంటే అమ్మింది ఎక్కువ. ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ముడి చమురు తీసేది వాళ్ళే.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. 2022 జూన్‌లో ఫోన్ చేసి "నాన్నా, ఇక్కడ పెట్రోల్ మండిపోతోంది" అంది. ఆ నెలలో దేశం సగటు రేటు గాలన్ 5 డాలర్లు దాటింది. గాలన్ అంటే 3.785 లీటర్లు, అప్పుడు డాలర్ 78. లెక్క వేశాను. లీటరు 103 రూపాయలు! వాళ్ళ కేంద్రం పన్ను గాలన్‌కి 18.4 సెంట్లే, 1993 నుంచి మారలేదు. పన్ను తక్కువ, నూనె సొంతం, అయినా 103.

కారణం ఉక్రెయిన్ యుద్ధం. టెక్సాస్‌లో బావి ఉన్నవాడు మా అమ్మాయి మొహం చూసి తక్కువకి అమ్మడు. ప్రపంచంలో ఏ రేటు పలికితే ఆ రేటుకి అమ్ముతాడు. మదనపల్లె మార్కెట్లో టమోటా 100 పలికిన రోజు పక్క పొలం వాడు నీకు 10 రూపాయలకి ఇచ్చాడా?

మన దగ్గర సంగతి ఇంకా దూరం. 2015లో ప్రధాని, 2022కల్లా దిగుమతి మీద ఆధారపడడం 10 శాతం తగ్గిద్దాం అన్నారు. అప్పుడు 78 శాతం దగ్గర ఉండేది. 2025కి దాదాపు 88. కాకినాడ సముద్రంలో లోతైన బావి నుంచి 2024 జనవరిలో చమురు మొదలైంది, మంచిదే, కానీ పాత బావులు ఎండుతున్నాయి, బండ్లు పెరుగుతున్నాయి.

కాబట్టి రేటు తగ్గదు. మరి దేనికి అంటే, యుద్ధం వచ్చి ఓడలు ఆగితే బంకులో నూనె ఉండడానికి. విశాఖలో కొండ కింద గుహల్లో 13 లక్షల టన్నుల పైన దాచుకునే చోటు కట్టుకున్నది అందుకే. చవకగా దొరకడం వేరు, దొరకడం వేరు.

కాళహస్తి టీచర్

సార్ చెప్పింది బాగుంది కానీ నాకు ఇదంతా టెన్షన్ లేదు. రెండేళ్ళయింది ఎలక్ట్రిక్ స్కూటర్ కొని. స్కూలుకి పోను రాను 38 కిలోమీటర్లు. రాత్రి ఇంట్లో ప్లగ్ పెడతాను. కరెంటు ఎక్కువగా మన దేశపు బొగ్గుతోనే వస్తుంది కాబట్టి, పొగ సంగతి పక్కన పెడితే, నాది సగం స్వావలంబన. తిరుమల ఘాట్ మీద కూడా 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. దిగేటప్పుడు బ్రేక్ వేస్తే కొంత ఛార్జింగ్ తిరిగి ఎక్కుతుంది. కొండ దిగితే డబ్బులొచ్చినట్టు.

నగరి బీట్

టీచర్ గారూ, పలమనేరు పోయి రావడం 200 దాటుతుంది. మొగిలి ఘాట్‌లో ఛార్జింగ్ అయిపోతే శాంపిల్ బ్యాగు నెత్తిన పెట్టుకుని నడవాలి. ఇంకో బండి వచ్చేదాకా ఆగుతా.

సార్, మీ 103 లెక్క ఇంట్లో నా భార్యకి చెప్పాను. "అయితే అమెరికా వాళ్ళ కంపెనీ కిలోమీటరుకి ఎంత ఇస్తుందో కూడా అడుగు" అంది. ఆమె పాయింటే కరెక్ట్. నేను ఢిల్లీని అడుగుతున్నా, అడగాల్సింది మా మేనేజర్‌ని. 2,400 కిలోమీటర్లకి ఇచ్చేది 6,600. పెట్రోల్‌కే 5,500 దగ్గర పోతోంది. మిగిలిన 1,100లో ఆయిల్, టైర్లు, సర్వీసు. కిలోమీటరుకి 3 రూపాయల 50 పైసలు చెయ్యమని ఇదంతా లెక్క కట్టి మెయిల్ పెట్టాను. వ్యాట్ సంగతి కూడా రాశాను. మూడు రోజులైంది. ఆయన దగ్గర్నుంచి ఒకే ఒక్క లైను వచ్చింది, తిరుత్తణిలో పోయించిన బిల్లులు ఎందుకు పెట్టావు, అది నీ ఏరియా కాదు కదా అని.

గుడిపాల అన్నా, చెయిన్ మార్పించా. ముందు టైరులో గాలి ఎంత పెట్టమంటావు?

గుడిపాల బంకు

ముందు 25, వెనక బరువుంటే 33. బుధవారం చిత్తూరు వస్తావు కదా, ఇటు రా, చూసి పెడతా. గాలి ఫ్రీయే.